కొలబద్ద ఎవరిది? అమెరికా మొబైల్ కంపెనీల యాడ్ యుద్ధంపై ఒక కేస్ స్టడీ

పోటీ కంపెనీ యాడ్ టీవీలో పడిన మర్నాడు క్లయింట్ దగ్గర్నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "మనం కూడా గట్టిగా ఒకటి వేద్దాం." యాడ్ స్ట్రాటజీ పనిలో ఉన్నవాళ్లందరికీ ఇది అలవాటైన మాటే. అలా అడిగినవాళ్ల ముందు నేను తరచూ పెట్టే కేసు అమెరికా మొబైల్ కంపెనీలది. వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, స్ప్రింట్. దాదాపు రెండు దశాబ్దాల పాటు ఈ నాలుగూ ఒకదాని పేరు ఒకటి పెట్టి మరీ ఎత్తిపొడుచుకున్నాయి. కోర్టుకెక్కాయి. ఒక కంపెనీ అయితే, పోటీదారు యాడ్‌లలో ఏళ్ల తరబడి కనిపించిన మనిషినే తెచ్చుకుని తన యాడ్‌లో నిలబెట్టింది. పోటీ యాడ్ ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది అన్నది ఇంత బాహాటంగా కనిపించే రంగం ఇంకొకటి నాకు తెలియదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఈ పోట్లాటలో నెగ్గింది గొంతు పెద్దదైనవాడు కాదు, నిజం ఎక్కువ చెప్పినవాడూ కాదు. దేనితో కొలవాలో జనానికి ముందు చెప్పినవాడు. కవరేజీతో కొలవాలా, వేగంతోనా, బిల్లుతోనా, ఒప్పందంలోని షరతులతోనా? ఆ కొలబద్దను జనం చేతికి ఎవరిస్తే, మిగతా ముగ్గురూ వాడి ఆటే ఆడాల్సి వచ్చింది.

దీనికి కారణం సరుకులోనే ఉంది. నెట్‌వర్క్ కంటికి కనిపించదు. ఒక మనిషి దగ్గర మామూలుగా ఒకే కంపెనీ కనెక్షన్ ఉంటుంది. మధ్యలో కాల్ కట్ అయితే తన కంపెనీని తిట్టుకుంటాడు. అదే చోట, అదే నిమిషంలో పక్క కంపెనీ ఫోన్ పనిచేసి ఉండేదా లేదా అన్నది అతనికి తెలిసే దారి లేదు. సబ్బు అయితే ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి వాడి చూసుకోవచ్చు. రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టి తీసుకున్న కనెక్షన్‌తో ఆ పని కుదరదు. అందుకని పోలిక అనేది కస్టమర్ అనుభవంలోంచి రాదు, యాడ్‌లోంచే వస్తుంది.

యాడ్‌లను విడదీసి చూసేటప్పుడు అరిస్టాటిల్ చెప్పిన మూడు అరలు వాడడం చాలామందికి అలవాటు: చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, వాదనలోని తర్కం. తప్పేమీ లేదు. కానీ ఈ నాలుగు కంపెనీలూ మూడు అరల్లోంచీ తీసి వాడాయి. యాడ్‌లో ఏముందో ఆ అరలు చెబుతాయి. ఎదుటివాడు ఎందుకు ఇరుక్కుపోయాడో చెప్పవు.

సిగ్నల్ కోసం తిరిగే మనిషి

2002లో వెరైజన్ మొదలుపెట్టిన యాడ్‌లలో కథంటూ పెద్దగా ఏమీ లేదు. పాల్ మార్కరెల్లి అనే నటుడు. నల్లటి ఫ్రేమ్ కళ్లద్దాలు, జాకెట్, చెవి దగ్గర ఫోన్. ఒక చోట నిలబడి "కెన్ యూ హియర్ మీ నౌ?" అంటాడు. క్షణం ఆగి "గుడ్" అంటాడు. ఇంకో చోటికి వెళ్తాడు, మళ్లీ అదే ప్రశ్న. అవతల ఎవరున్నారో మనకు తెలియదు, వాళ్ల గొంతు మనకు వినపడదు. 2011 దాకా వెరైజన్‌కు ముఖం ఈ మనిషే.

దీంట్లో నాకు నచ్చేది ఆ ప్రశ్నను ఎక్కణ్నుంచి తీశారన్నది. ఆ రోజుల్లో మొబైల్ వాడిన ప్రతి మనిషీ రోజుకు నాలుగుసార్లు విసుగ్గా అనే మాట అది. జనం నోట్లో ఉన్న ఫిర్యాదును తీసుకుని వెరైజన్ దాన్ని తన ఉద్యోగి డ్యూటీగా మార్చేసింది. పరికరాలు బిగించిన బండ్లలో తిరుగుతూ నెట్‌వర్క్‌ను పరీక్షించే ఇంజనీర్లు ఆ కంపెనీకి నిజంగానే ఉన్నారు కాబట్టి పాత్ర కూడా గాల్లోంచి ఊడిపడింది కాదు. పోటీదారు పేరు లేదు, అంకె లేదు, గ్రాఫ్ లేదు. ఆ ఒక్క "గుడ్" అన్న మాటే సాక్ష్యం. వేరే కంపెనీ కస్టమర్ తన ఫోన్‌లో సిగ్నల్ సరిగ్గా లేక "వినిపిస్తోందా?" అని అరిచిన ప్రతిసారీ వెరైజన్ యాడ్‌ను తన నోటితో తానే చదువుతున్నట్టు. ఇలాంటి ప్రచారానికి ఖర్చు ఉండదు.

2007లో ఏటీ అండ్ టీ పేరులోకి మారిన సింగ్యులర్ దీనికి ఎదురుగా ఫోన్ తెర మీది సిగ్నల్ గీతలను పట్టుకుంది. ఎక్కువ చోట్ల ఎక్కువ గీతలు అన్నది ట్యాగ్‌లైన్. ఆలోచన మంచిదే, కస్టమర్ తన చేతిలోనే చూసుకోగల కొలత అది. చిక్కు కూడా అక్కడే ఉంది. గీతలు నిండుగా ఉండగానే కాల్ తెగిపోతే, యాడ్‌ను అబద్ధం చేసేది కంపెనీ ఇచ్చిన కొలతే.

ఎరుపు మ్యాప్, నీలం మ్యాప్

2007 జూన్ 29న ఐఫోన్ వచ్చింది. అమెరికాలో అది ఏటీ అండ్ టీ మీదే పనిచేసేది. దాంతో కొలబద్ద ఒక్కసారిగా మారిపోయింది. ఏ నెట్‌వర్క్ బాగుంటుంది అని అడిగే జనం ఏ ఫోన్ కొనాలి అని అడగడం మొదలుపెట్టారు. ఫోన్ కోసం కంపెనీ మారేవాళ్లు వచ్చారు. ఏటీ అండ్ టీ తరఫున సగం ప్రచారం ఆపిల్ యాడ్‌లే చేసిపెట్టాయి. ప్రతి పనికీ "దానికో యాప్ ఉంది" అన్న ఆ వరస అందరి నోటా నలిగింది. ఇంకోవైపు ఐఫోన్ వాడేవాళ్ల డేటా వాడకం పెరిగి న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో ఏటీ అండ్ టీ నెట్‌వర్క్ ఆయాసపడుతోందని జనం గట్టిగానే గొణిగారు.

వెరైజన్ చేతిలో ఐఫోన్ లేదు. అది 2011 ఫిబ్రవరి దాకా రాలేదు. లేని ఫోన్ మీద పోట్లాడే బదులు, 2009 అక్టోబరులో వెరైజన్ ఆపిల్ వరసనే తీసుకుని "దానికో మ్యాప్ ఉంది" అంది. తెర మీద రెండు అమెరికా మ్యాప్‌లు. ఒకటి వెరైజన్‌ది, దాదాపు నిండా ఎరుపు. రెండోది ఏటీ అండ్ టీది. అక్కడక్కడా నీలం మరకలు, మిగతాదంతా తెలుపు. తమ 3జీ కవరేజీ అయిదు రెట్లు ఎక్కువన్నది మాట.

ఈ యాడ్‌ను నేను పాఠంలా చూపిస్తాను. సౌండ్ తీసేసి చూడమంటాను. సౌండ్ లేకుండా చూసినవాళ్లకు అందే సందేశం ఒక్కటే: ఆ తెల్లటి చోట్లలో ఫోన్ పనిచేయదు. కానీ యాడ్ ఆ మాట ఎక్కడా అనలేదు. అది కొలిచింది 3జీని మాత్రమే. తెలుపు ఉన్న చాలా చోట్ల ఏటీ అండ్ టీ పాత నెట్‌వర్క్ ఉంది, కాల్స్ వెళ్తాయి, ఇంటర్నెట్ నెమ్మదిగానైనా వస్తుంది. రెండో ఎంపిక ఇంకా తెలివైనది. మ్యాప్ కొలిచేది నేలను, మనుషులను కాదు. అమెరికా పశ్చిమ భాగంలో జనం పలచగా ఉండే నేల ఎంతో ఉంది. నగరాలన్నీ కవర్ చేసిన కంపెనీ కూడా మ్యాప్ మీద చిక్కి శల్యమైనట్టు కనిపిస్తుంది. 3జీ, నేల అనే రెండు ఎంపికలు చేసుకున్నాక ఇక అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు.

సెలవుల సీజన్‌లో దీనికే ఇంకో రూపం వచ్చింది. ఎవరికీ అక్కర్లేని బొమ్మలన్నీ ఉండే దీవికి ఐఫోన్ వచ్చి పడుతుంది. ఇన్ని పనులు చేయగల నువ్వు ఇక్కడికెందుకొచ్చావని బొమ్మలు అడుగుతాయి. దాని నెత్తిన నీలం మరకల మ్యాప్ తేలుతుంది. ఓహో, అదా సంగతి అనుకుంటాయి. ఎదుటివాడి బలాన్ని కాదనకుండా, ఆ బలం ఎవరి చేతిలో పడి పాడవుతోందో చూపించారు. ఐఫోన్‌ను తిట్టి ఉంటే దాన్ని ప్రేమించే జనమంతా వెరైజన్ మీద పడేవారు.

కోర్టులో ఏం జరిగింది

ఏటీ అండ్ టీ ముందు ఫిర్యాదు చేసింది. వెరైజన్ యాడ్‌లోంచి "అవుట్ ఆఫ్ టచ్" (అందుబాటులో లేరు) అన్న మాట తీసేసి, 3జీ లేని చోట్ల కూడా మాటలు, డేటా అందుబాటులో ఉంటాయని చిన్న అక్షరాల్లో చేర్చింది. మ్యాప్ మాత్రం అలాగే ఉంచింది. 2009 నవంబరు మొదట్లో ఏటీ అండ్ టీ అట్లాంటాలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. తెల్లటి చోటు చూసి అసలు సర్వీసే లేదని జనం అనుకుంటున్నారన్నది దాని వాదన. వెరైజన్ కోర్టుకిచ్చిన జవాబు మా వృత్తిలో చాలామందికి కంఠతా వచ్చు: యాడ్‌లు అబద్ధమని కాదు, అవి నిజమనీ ఆ నిజం గుచ్చుకుంటోందనీ ఏటీ అండ్ టీ దావా వేసింది, అని. నవంబరు 18న జడ్జి యాడ్‌లను తక్షణం ఆపడానికి ఒప్పుకోలేదు. డిసెంబరు 2న ఏటీ అండ్ టీ కేసు వెనక్కి తీసుకుంది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం తెలిసి ఉండాలి. అమెరికాలో పోటీదారు యాడ్ మీద దావా వేసే లాన్‌హామ్ చట్టం కింద రెండు దారులున్నాయి. యాడ్‌లోని మాట అక్షరాలా అబద్ధమైతే పని సులువు. మాట నిజమై, దాని ద్వారా తప్పు అర్థం వెళ్తోందంటే మాత్రం జనం నిజంగా అలా అర్థం చేసుకుంటున్నారని సర్వేల లాంటి సాక్ష్యంతో చూపించాలి. అది బరువైన పని, పైగా సమయం పడుతుంది. వెరైజన్ మ్యాప్ ఈ రెండో దారిలో కూర్చుంది. ఆ మ్యాప్ గీసినవాళ్ల పక్కన మంచి లాయరు కూర్చుని ఉంటాడని నా అనుమానం.

కోర్టు ఫలితం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి. దావా వార్త రాసిన ప్రతి పత్రికా, ప్రతి వెబ్‌సైటూ పక్కనే ఆ రెండు మ్యాప్‌లు వేశాయి. యాడ్ చూడనివాళ్లు కూడా చూశారు. దావా వేయడమంటే ఆ కొలబద్ద తమకు తగులుతోందని ఒప్పుకోవడమే.

టీవీలో జవాబుగా ఏటీ అండ్ టీ నటుడు ల్యూక్ విల్సన్‌ను తెచ్చింది. ఒక యాడ్‌లో ఆయన నేల మీద పరిచిన పెద్ద మ్యాప్ మీదికి ఏటీ అండ్ టీ అందే ఊళ్ల పేర్లున్న పోస్ట్‌కార్డులు విసురుతూ పోతాడు. అమెరికన్లలో 97 శాతం మందిని తమ నెట్‌వర్క్ కవర్ చేస్తుందని చెబుతాడు. నేలకు బదులు జనాన్ని కొలిచారు, ఆ మేరకు బాగానే ఉంది. కానీ ఆ 97 శాతం మొత్తం నెట్‌వర్క్‌ది, వెరైజన్ అడిగింది 3జీ గురించి. అన్నిటికీ మించి, మ్యాప్ గొడవకు మ్యాప్‌తోనే జవాబిచ్చారు. సౌండ్ తీసేసి ఈ యాడ్ చూస్తే, కవరేజీ గురించి కంగారుపడుతున్న కంపెనీ ఒకటి కనిపిస్తుంది.

మంచి జవాబు వాళ్ల చేతిలోనే ఉంది. ఏటీ అండ్ టీ 3జీలో మాట్లాడుతూనే ఇంటర్నెట్ చూడొచ్చు. అప్పటి వెరైజన్ సాంకేతికత మీద అది కుదరదు. ఆపిల్ 2009 నవంబరులోనే ఇదొక్కటే పట్టుకుని యాడ్‌లు వేసింది: ఫోన్‌లో మాట్లాడుతుండగానే ఇంకో పని చేసి చూపించి, మీ ఫోన్, మీ నెట్‌వర్క్ ఈ పని చేయగలవా అని అడిగింది. అసలైన కొత్త కొలబద్ద అది. ల్యూక్ విల్సన్ యాడ్‌లలో కూడా ఈ మాట ఉంది. కాకపోతే వేగం, పేరున్న ఫోన్లు, లక్ష యాప్‌లు అనే పెద్ద జాబితాలో ఒకటిగా కలిసిపోయింది. వెరైజన్‌కు దక్కింది "వి" అక్షరంతో పేరు మొదలవడమే అన్న జోకు గుర్తుండిపోయింది. వాదన గుర్తుండలేదు.

చిన్నపిల్లలతో మాట్లాడే యాడ్

2012 చివర్లో ఏటీ అండ్ టీ పద్ధతి మార్చింది. సూటు వేసుకున్న బెక్ బెన్నెట్ అనే నటుడు చిన్న బల్ల దగ్గర పిల్లల మధ్య కూర్చుని అడుగుతాడు: పెద్దది మంచిదా, చిన్నది మంచిదా? వేగం మంచిదా, నెమ్మది మంచిదా? పిల్లలు వాళ్ల లోకంలో వాళ్లు ఏవేవో చెబుతారు. ఆయన మొహంలో కండరం కదలకుండా వింటాడు. చివర్లో "ఇట్స్ నాట్ కాంప్లికేటెడ్".

చూడ్డానికి హాయిగా ఉంటుంది. పిల్లలతో వాదించేవాడు ఉండడు కాబట్టి యాడ్‌తోనూ ఎవరూ వాదించరు. కానీ దీంట్లో కూడా కొలత ఉంది, నవ్వు చాటున దాక్కుని ఉంది. "పెద్దది మంచిది" యాడ్‌లో చెప్పిన దేశంలోకెల్లా పెద్ద 4జీ నెట్‌వర్క్ అన్న మాటలో, అసలు 4జీ సాంకేతికత అయిన ఎల్‌టీఈతో పాటు, 3జీకి మెరుగులు దిద్దిన హెచ్‌ఎస్‌పీఏ ప్లస్ కూడా కలిసి ఉంది. ఎల్‌టీఈ ఒక్కటే లెక్కేస్తే అప్పటికి వెరైజన్ ముందుంది. ఏది 4జీ అన్న ప్రశ్న అడగనివ్వకుండా ఏది పెద్దది అన్న ప్రశ్న అడిగించారు.

బోర్డు తిప్పేసిన టీ-మొబైల్

నా దృష్టిలో ఈ కేసులో అసలు పాఠం టీ-మొబైల్‌ది. 2011లో దాన్ని 3900 కోట్ల డాలర్లకు కొనబోయిన ఏటీ అండ్ టీ, ప్రభుత్వం అడ్డుపడడంతో ఆ డిసెంబరులో వెనక్కి తగ్గింది. ఒప్పందం చెడినందుకు టీ-మొబైల్‌కు 300 కోట్ల డాలర్ల నగదు, కొంత స్పెక్ట్రమ్ (సిగ్నల్ పంపే రేడియో తరంగాల హక్కులు) దక్కాయి. అప్పటికి అది నాలుగో స్థానంలో ఉన్న కంపెనీ. ఐఫోన్ లేదు, ఎల్‌టీఈ లేదు, నెలనెలా బిల్లు కట్టే కస్టమర్లు జారిపోతున్నారు. కవరేజీ మీద పోట్లాడితే ఓడేది తానే. ఫోన్ల మీద పోట్లాడినా అంతే.

2012 సెప్టెంబరులో జాన్ లెజెర్ సీఈఓగా వచ్చాడు. 2013 మార్చి 26న న్యూయార్క్‌లో వేదిక ఎక్కి రెండేళ్ల ఒప్పందాలు రద్దు అన్నాడు. తమది మొబైల్ కంపెనీలాంటి కంపెనీయే కాదని, "అన్-క్యారియర్" అని పేరు పెట్టాడు. ఫోన్ ఖరీదును, సర్వీసు బిల్లును విడగొట్టారు. ఒక లైనుకు నెలకు 50 డాలర్లు, మాటలకు, మెసేజ్‌లకు లెక్క లేదు. ఫోన్ కావాలంటే వాయిదాల్లో విడిగా కట్టుకోవాలి. మొదటి టీవీ యాడ్ కౌబాయ్‌ల కథ. నల్లబట్టల్లో నలుగురు గుర్రాల మీద ఊళ్లోకి వస్తారు, వాళ్లలో ఒకడు ఇక నేను మీతో లేనని విడిపోతాడు. విడిపోయినవాడి రంగు మెజెంటా, అంటే టీ-మొబైల్ రంగు.

యాడ్ అంత గొప్పదేం కాదు. గొప్పతనం దాని వెనకున్న ఎంపికలో ఉంది. ఏ కంపెనీ బాగుంటుందన్న ప్రశ్నను పక్కన పడేసి, వీళ్లందరూ మనల్ని ఎందుకిలా కట్టిపడేస్తున్నారన్న ప్రశ్న ఎత్తుకున్నారు. ఆ కోపం జనంలో అప్పటికే పేరుకుపోయి ఉంది: ముందే మానేస్తే కట్టాల్సిన జరిమానా, అర్థం కాని బిల్లు, విదేశం వెళ్లొస్తే గుండె ఆగేంత రోమింగ్ చార్జీ. టీ-మొబైల్ వీటిని ఒక్కొక్కటే తీసుకుని, కొన్ని నెలలకొకటి చొప్పున నంబర్లు వేసి మరీ ప్రకటించింది. జులైలో ఫోన్ మార్చుకునే పథకం. అక్టోబరులో వందకు పైగా దేశాల్లో అదనపు చార్జీ లేని డేటా. 2014 జనవరిలో వేరే కంపెనీ వదిలి వచ్చేవాళ్లకు లైనుకు 350 డాలర్ల దాకా జరిమానా తామే కడతామన్న ఆఫర్. ఇక్కడ ప్రతి యాడ్ వెనకా సరుకులో ఒక మార్పు ఉంది. వెరైజన్ మ్యాప్‌కు జవాబు ఇంకో మ్యాప్‌తో ఇవ్వొచ్చు. దీనికి జవాబివ్వాలంటే తమ బిల్లింగ్ పద్ధతే మార్చుకోవాలి, ఆదాయం వదులుకోవాలి.

పెద్ద కంపెనీలు అదే చేయాల్సి వచ్చింది. టీ-మొబైల్ ఆఫర్ పుకారు బయటికొచ్చిన కొద్ది రోజులకే ఏటీ అండ్ టీ, ఆ కంపెనీ పేరు పెట్టి, దాన్ని వదిలి వచ్చేవాళ్లకు 450 డాలర్ల దాకా ఇస్తామంది. దేశంలో రెండో పెద్ద కంపెనీ నాలుగోదాని పేరెత్తడమా! లెజెర్‌కు అంతకన్నా ఏం కావాలి. వెరైజన్ 2015 ఆగస్టులో, ఏటీ అండ్ టీ 2016 జనవరిలో కొత్త కస్టమర్లకు రెండేళ్ల ఒప్పందాలు ఆపేశాయి. టీ-మొబైల్ 2013లో నికరంగా 44 లక్షల కనెక్షన్లు పెంచుకుంది. 2015లో స్ప్రింట్‌ను దాటింది.

దీన్నంతా యాడ్ ఖాతాలో వేయడం సరికాదు. 2013 ఏప్రిల్‌లో టీ-మొబైల్‌కు ఐఫోన్ వచ్చింది. ఆ ఏడాదే ఎల్‌టీఈ మొదలైంది, మెట్రోపీసీఎస్ అనే మరో మొబైల్ కంపెనీ విలీనం జరిగింది. ప్రచారం ఇవన్నీ ఒకే తాటి మీదికి తెచ్చిందనడం న్యాయం.

మచ్చ కూడా చెప్పాలి. "ఒప్పందం లేదు" అన్న నెలలోపే వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ యాడ్‌లను తప్పుపట్టారు. ఫోన్ వాయిదాల్లో తీసుకున్నవాళ్లు మధ్యలో సర్వీసు మానేస్తే మిగిలిన బాకీ మొత్తం ఒకేసారి కట్టాలి. ఆ సంగతి యాడ్‌లో సరిగా చెప్పలేదు. టీ-మొబైల్ సర్దుబాటుకు ఒప్పుకుంది, ఆ నెల రోజుల్లో చేరినవాళ్లకు బయటికి వెళ్లే వీలిచ్చింది. అందరూ చేసే మోసాన్ని బయటపెడతానన్నవాడి మీద జనం కన్ను రెట్టింపు పడుతుంది. అలాంటి బ్రీఫ్ రాసేటప్పుడు చిన్న అక్షరాలు మామూలు కన్నా పెద్దవి కావాలి.

స్ప్రింట్

2016 జూన్‌లో పాల్ మార్కరెల్లి మళ్లీ టీవీలో కనిపించాడు. ఈసారి స్ప్రింట్ తరఫున. ఒకప్పుడు వెరైజన్‌లో ఆ ప్రశ్న అడిగేవాణ్నని తనే చెబుతాడు. ఇప్పుడు అన్ని నెట్‌వర్క్‌లూ బాగున్నాయని, స్ప్రింట్ నమ్మకత్వంలో వెరైజన్‌కు ఒక్క శాతం తేడాలోనే ఉందని, ధర మాత్రం చాలా ప్లాన్లలో సగమేనని అంటాడు.

వార్తగా అదిరింది, వాదనగా తేలిపోయింది. ఆ ముఖం చూడగానే గుర్తొచ్చేది వెరైజనే. "ఒక్క శాతం తేడా" అనడమంటే కొలబద్ద వాళ్లదేనని, అందులో తాము కాస్త తక్కువేనని ఒప్పుకోవడం. పైగా అది పెద్ద నగరాల మార్కెట్ల లెక్క. ధర సగమన్న అసలు బలమైన మాట మూడోదిగా వచ్చింది. కొత్త కొలబద్ద చేతిలో ఉన్నవాడికి పాత సాక్షితో పనేమిటి?

అదే ఏడాది మొదట్లో వెరైజన్, రంగు బంతులు దొర్లించి, నెట్‌వర్క్‌లను పరీక్షించే రూట్‌మెట్రిక్స్ సంస్థ పరీక్షల్లో తన గెలుపును చూపించింది. స్ప్రింట్, టీ-మొబైల్ రెండూ అవే బంతులతో జవాబిచ్చాయి. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) యాడ్‌లో టీ-మొబైల్ మాత్రం స్టీవ్ హార్వీని దింపింది. అంతకు కొన్ని వారాల ముందే మిస్ యూనివర్స్ వేదిక మీద విజేత పేరు తప్పు చదివిన మనిషి ఆయన. ఈసారి తప్పు నాది కాదు, వెరైజన్‌ది, వాళ్లు చూపింది పాత లెక్క అంటాడు. బంతులతో ఇచ్చిన జవాబు కన్నా ఇది నూరుపాళ్లు మెరుగు. కొలతతో వాదించలేదు, కొలత తేదీని నిలదీసింది.

పేరే కొలతైనప్పుడు

ఈ రంగంలో నాకు చిరాకు తెప్పించేది ఇదే. కొలత దొరకనప్పుడు పేరు మారుస్తారు. హెచ్‌ఎస్‌పీఏ ప్లస్‌ను 4జీ అని పిలవడం 2010లో మొదలుపెట్టింది టీ-మొబైలే. మొదట ముక్కు విరిచిన ఏటీ అండ్ టీ తర్వాత తానూ అదే చేసింది. 2018 చివర్లో అదే ఏటీ అండ్ టీ, మెరుగుపరచిన ఎల్‌టీఈ ఉన్న చోట్ల ఫోన్ తెర మీది గుర్తును "5జీ ఈ"గా మార్చింది. ఫోన్ అదే, నెట్‌వర్క్ 4జీయే. టీ-మొబైల్ తన ఫోన్ మీద "9జీ" అని స్టిక్కర్ అంటించి వీడియో పెట్టి వెక్కిరించింది. ఎనిమిదేళ్ల కిందటి సంగతి ఎవరూ గుర్తుచేయలేదు. స్ప్రింట్ 2019 ఫిబ్రవరిలో దావా వేసింది, రెండు నెలల్లో రాజీ పడింది. ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న సమీక్షా బోర్డు 2020 మేలో ఆ పేరును యాడ్‌లలో మానేయమని చెబితే ఏటీ అండ్ టీ ఒప్పుకుంది. ఫోన్ల మీది గుర్తు మాత్రం అప్పటికీ ఉంది.

"అన్‌లిమిటెడ్" కథ ఇంకా ఖరీదైనది. ఆ మాటతో అమ్మిన ప్లాన్‌లలో కొంత డేటా దాటాక ఏటీ అండ్ టీ వేగం తగ్గించేస్తోందని, 35 లక్షల మందికి పైగా కస్టమర్లు దెబ్బతిన్నారని, వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కేసు వేసింది. 2019లో 6 కోట్ల డాలర్లతో అది ముగిసింది.

ఈ కేసును పనిలో ఎలా వాడతాను

జవాబు యాడ్ కావాలని అడిగిన క్లయింట్‌తో మొదటి మీటింగ్‌లో నేను క్రియేటివ్ టీమ్‌ను పిలవను. ప్రత్యర్థి యాడ్‌ను ముందు సౌండ్ లేకుండా, తర్వాత చిన్న అక్షరాలు ఆపి చదువుతూ చూస్తాం. అది దేన్ని కొలుస్తోంది, దేన్ని కొలవకుండా వదిలేసింది అన్నది ఒక వాక్యంలో రాయమంటాను. తర్వాత అడిగేది, ఆ కొలతలో మనం గెలవగలమా అని. గెలవలేమంటే ఆ కొలత పేరు మన యాడ్‌లో రాకూడదు, ఖండించడానికైనా సరే. లాయరు నోటీసు పంపుదామంటే, ఆ నోటీసు వార్తయితే పక్కన ఏ బొమ్మ పడుతుందో ముందు ఊహించమంటాను.

కొత్త కొలత వెతికేటప్పుడు మార్కెటింగ్ వాళ్ల కన్నా కాల్ సెంటర్ వాళ్లను ఎక్కువ అడుగుతాను. జనం ఏ మాట అని ఫోన్ పెట్టేస్తున్నారు? వెరైజన్ 2002లో, టీ-మొబైల్ 2013లో పట్టుకున్నవి అలాంటి మాటలే. ఒకటి దొరికాక ఫైనాన్స్ మనిషిని కూర్చోబెట్టి, దీనికి జవాబివ్వాలంటే ప్రత్యర్థికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టమంటాను. ఇంకో యాడ్ తీస్తే సరిపోతుందని తేలితే మళ్లీ వెతుకుతాం. ధరల పట్టిక తిరగరాయాల్సి వస్తుందని తేలితే, అప్పుడు క్రియేటివ్ టీమ్‌కు ఫోన్ చేస్తాను.